బాండ్ల బాకీ ఆగదు.. బిల్లులే ఆగుతాయి! ఇద్దరు తెలుగు ఆర్‌బీఐ గవర్నర్ల అనుభవంతో చూస్తే రాష్ట్ర అప్పు లెక్క ఇదీ

2023 నవంబర్ అసెంబ్లీ ఎన్నికల్లో బీబీపేట మండలం ఓటర్లు అరుదైన పోటీ చూశారు. కామారెడ్డి సీటులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఆ తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఇద్దరూ బరిలో నిలిచారు. ఇద్దరూ ఓడిపోయారు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి గెలిచారు. ఓట్ల లెక్క అక్కడితో అయిపోయింది. అప్పుల లెక్క మాత్రం ఇంకా తెగలేదు.

ఒకరి హయాంలో చేసిన అప్పు ఇంకొకరు కట్టాలి. అందుకే అసెంబ్లీ ఎప్పుడు కూర్చున్నా ఇదే గొడవ. రాష్ట్రం దివాళా తీసిందని ఒకరంటారు. దివాళా అంటూ తెలంగాణ పరువు తీస్తున్నారని మరొకరంటారు. మధ్యలో ఊళ్లో ఉన్న మనిషికి ఒక్కటే డౌట్. అసలు ఒక రాష్ట్రం అప్పు ఎగ్గొట్టగలదా? ఎగ్గొడితే ఆ దెబ్బ ఎవరికి తగులుతుంది?

దేశాలు, రాష్ట్రాలు అప్పు కట్టలేని స్థితికి ఎలా చేరతాయన్న విషయాన్ని దగ్గరగా చూసిన తెలుగువాళ్లు ఇద్దరున్నారు. ఒకరు వై.వి.రెడ్డి, మరొకరు దువ్వూరి సుబ్బారావు. ఒకరి తర్వాత ఒకరు వరుసగా పదేళ్లు రిజర్వ్ బ్యాంక్‌ను నడిపించారు. వాళ్లు పనిచేసిన కాలాన్ని వరుసగా చూస్తే బీబీపేటలో బిల్లు కోసం ఎదురుచూసే మనిషికి పనికొచ్చే విషయం ఒకటి బయటపడుతుంది.

1991: బంగారం పోయింది.. మాట నిలిచింది

వై.వి.రెడ్డి కడప జిల్లా వ్యక్తి. 1964 బ్యాచ్ ఐఏఎస్. ఉస్మానియాలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేశారు. 1991 నాటికి కేంద్ర ఆర్థిక శాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారాలు చూసే అధికారిగా ఉన్నారు. దేశం దగ్గర డాలర్లు దాదాపు ఖాళీ అయిన రోజులవి. రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలాయి. విదేశీ అప్పుల వాయిదా తప్పితే మన దేశం డిఫాల్టర్ల లిస్టులో పడేది.

ముందుగా మే నెలలో 20 టన్నుల బంగారాన్ని స్విట్జర్లాండ్ బ్యాంకుకు తరలించి డాలర్లు తెచ్చారు. జులైలో మరో 47 టన్నుల దాకా విమానాల్లో పంపి తాకట్టు పెట్టారు. దానిమీద దాదాపు 40 కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పటికి ప్రధాని పీఠంపై పీవీ నరసింహారావు కూర్చుని నెల కూడా కాలేదు. బంగారం పోయిందని దేశమంతా బాధపడింది కానీ వాయిదా మాత్రం తప్పలేదు. భారత్ అప్పు ఎగ్గొట్టలేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. అందులో తప్పేం లేదు.

కానీ అది సగం కథే. మిగతా సగం చూడండి. డాలర్లు మిగల్చడానికి దిగుమతులను బిగించారు. సరుకు తెప్పించుకునే వ్యాపారి దాని విలువకు రెండు రెట్ల దాకా నగదు ముందే బ్యాంకులో కట్టాల్సి వచ్చింది. ముడిసరుకు దొరక్క ఫ్యాక్టరీలు ఇబ్బంది పడ్డాయి. జులై 24న మన్మోహన్ సింగ్ పెట్టిన బడ్జెట్‌లో ఎరువుల ధరలు 40 శాతం పెంచారు. గొడవ కావడంతో 30 శాతానికి దింపారు. అంటే లండన్‌లో అప్పిచ్చినవాడికి రావాల్సింది వచ్చింది. ఆ భారంలో కొంత యూరియా బస్తా కొనే రైతు మీద పడింది.

1990లలో ఉమ్మడి ఏపీ.. రెండు రూపాయల బియ్యం ఏమైంది?

సుబ్బారావుది ఏలూరు. 1972 సివిల్స్ టాపర్. ఆయన పీహెచ్‌డీ అంశమే రాష్ట్రాల స్థాయిలో ఆర్థిక సంస్కరణలు. పుస్తకంలో చదివింది చేతల్లో చూసే అవకాశం కూడా ఆయనకు దక్కింది. 1993 నుంచి 1998 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖ కార్యదర్శిగా పనిచేశారు.

ఆ కాలం గుర్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1994 చివర్లో ఎన్టీఆర్ మళ్లీ అధికారంలోకి వచ్చారు. కిలో రెండు రూపాయల బియ్యం, మద్యనిషేధం అమల్లోకి వచ్చాయి. ఒకవైపు ఖర్చు పెరిగింది, మరోవైపు మద్యం ఆదాయం ఆగింది. ఖజానా మీద ఒత్తిడి పెరిగింది. చంద్రబాబు హయాంలో 1996లో ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసింది. బియ్యం ధర మూడున్నర రూపాయలకు పెరిగింది. 1997లో మద్యనిషేధం సడలింది. 1998లో ప్రపంచ బ్యాంకు ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరుతో రాష్ట్రానికి రుణం ఆమోదించింది.

ఇక్కడా అదే వరుస. అప్పిచ్చిన సంస్థలకు రావాల్సిన కిస్తీలు వెళ్లాయి. సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది తెల్ల కార్డు ఉన్న కుటుంబం. ఆ నిర్ణయాలు సరైనవా కాదా అన్న చర్చ వేరు. భారం ఎటు జరిగిందన్నదే ఇక్కడ పాయింట్.

ఆ తర్వాత సుబ్బారావు ప్రపంచ బ్యాంకుకు వెళ్లి 2004 దాకా అక్కడ ఎకనామిస్టుగా పనిచేశారు. 2008 సెప్టెంబర్ 5న వై.వి.రెడ్డి నుంచి ఆర్‌బీఐ గవర్నర్ బాధ్యతలు తీసుకున్నారు. సరిగ్గా పది రోజులకు అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. ఆ సుడిలో కూడా మన దేశం నిలబడింది. 2009లో ఆయన గవర్నర్‌గా ఉండగానే ఆర్‌బీఐ ఐఎంఎఫ్ నుంచి 200 టన్నుల బంగారం కొన్నది. 18 ఏళ్ల కింద తాకట్టు పెట్టిన చేతితోనే కొనుగోలు చేసిందన్నమాట.

రాష్ట్రం దివాళా తీయడం ఎందుకు కనిపించదు?

దేశం అప్పు ఎగ్గొడితే ప్రపంచానికి తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించింది. పెట్రోల్ బంకుల ముందు క్యూలను అందరం ఫోన్లలో చూశాం. మన రాష్ట్రాల విషయంలో అలాంటి ప్రకటన వినిపించదు. ఎందుకంటే మన వ్యవస్థను అలా కట్టారు.

రాజ్యాంగం 293వ ఆర్టికల్ ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు తీసుకోవాలి. కేంద్రానికి పాత బాకీ ఉంటే కొత్త అప్పుకు కేంద్రం అనుమతి కావాలి. ఏటా ఎంత తీసుకోవచ్చో కేంద్రమే పరిమితి చెబుతుంది. ఆ పరిమితిలో రాష్ట్రం తరఫున ఆర్‌బీఐ బాండ్లు వేలం వేస్తుంది. ఈ వేలం సాధారణంగా మంగళవారం జరుగుతుంది. బ్యాంకులు, బీమా కంపెనీలు, పీఎఫ్ సంస్థలు కొంటాయి. ఈ మధ్య కాలంలో మిత్తి ఏడు శాతం చుట్టుపక్కల ఉంటోంది.

అసలు సంగతి ఇంకోటి ఉంది. 202వ ఆర్టికల్ ప్రకారం అప్పుల మీద మిత్తి, అసలు చెల్లింపులు ఖజానా మీద నేరుగా పడే ఖర్చు. వాటి మీద అసెంబ్లీలో ఓటింగ్ ఉండదు. ఎమ్మెల్యేలు చర్చించొచ్చు కానీ ఆ పద్దును కోయలేరు. అంటే ఎవరికి ముందు కట్టాలన్నది రాజ్యాంగమే ఒక రకంగా తేల్చేసింది. బాండ్ కొన్నవాడిదే మొదటి వరుస.

నెల మధ్యలో పైసలు తక్కువ పడితే ఆర్‌బీఐ చేబదులు లాంటి అడ్వాన్స్ ఇస్తుంది. అది దాటితే ఓవర్‌డ్రాఫ్ట్. దానికీ గడువుంది. వరుసగా 14 పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే రాష్ట్రం తరఫున చెల్లింపులు ఆర్‌బీఐ నిలిపేస్తుంది. అంతదాకా వెళ్లకుండా ఆర్థిక శాఖ ఏం చేస్తుంది? ఆపగలిగిన బిల్లును ఆపుతుంది. ఆపగలిగిన బిల్లు ఎవరిది? బాండ్ చేతిలో లేనివాళ్లది.

రూపాయిలో 69 పైసలు ముందే పోతే..

2023 డిసెంబర్ 20న ఉప ముఖ్యమంత్రి మల్లు భట్టి విక్రమార్క అసెంబ్లీలో శ్వేతపత్రం పెట్టారు. అందులోని లెక్క ప్రకారం రాష్ట్ర మొత్తం అప్పు 6,71,757 కోట్లు. 2014-15లో ఇది 72,658 కోట్లు. రాబడిలో 34 శాతం అప్పుల చెల్లింపులకు, మరో 35 శాతం జీతాలు, పెన్షన్లకు పోతోందని అదే పత్రం చెబుతోంది. రెండూ కలిపితే 69. బడులు, దవాఖానలు, రోడ్లు, పథకాలు, కాంట్రాక్టర్ల బిల్లులు.. ఇవన్నీ మిగిలిన 31 పైసల్లోనే సర్దాలి. చాలకపోతే మళ్లీ అప్పు, అదీ చాలకపోతే పెండింగ్.

అప్పటికే 40 వేల కోట్లకు పైగా బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయని కొత్త సర్కారు చెప్పింది. సర్కారు మారింది కానీ క్యూ పోలేదు. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిసిన సర్పంచులు చేసిన పనుల బిల్లుల కోసం రోడ్డెక్కారు. 2024 మార్చి నుంచి రిటైరైన ఉద్యోగుల్లో కొందరు తమకు రావాల్సిన డబ్బుల కోసం హైకోర్టు మెట్లెక్కారు. 2025 సెప్టెంబర్‌లో ఆరోగ్యశ్రీ బకాయిల మీద ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపాయి. నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఉద్యోగుల డీఏ బాకీలు సరేసరి.

వీటిలో ఒక్కదాన్ని కూడా మార్కెట్ 'డిఫాల్ట్' అనదు. అదే సమయంలో తెలంగాణ బాండ్లకు వేలంలో కొనేవాళ్లు దొరుకుతూనే ఉన్నారు. తమను ఎవరూ నమ్మడం లేదని, అప్పు పుట్టడం లేదని 2025 మేలో ముఖ్యమంత్రి అన్న మాట పెద్ద దుమారం రేపింది. కానీ బాండ్ల మార్కెట్ చూసేది సీఎం మాటను కాదు. వెనక ఉన్న రాజ్యాంగాన్ని, ఆర్‌బీఐని, కేంద్రాన్ని. అందుకే బాగా నడిచే రాష్ట్రానికీ, ఇబ్బందుల్లో ఉన్న రాష్ట్రానికీ వడ్డీ రేట్లలో తేడా చాలా తక్కువగా ఉంటుంది. ప్రమాదం ఉన్నా రేటులో కనిపించదు. మరి ఎక్కడ కనిపిస్తుంది? ట్రెజరీలో టోకెన్ పడి పైసలు పడని చోట.

సర్పంచ్ మిత్తి, సర్కారు మిత్తి

ఒక ఉదాహరణ చూద్దాం. బీబీపేట మండలంలో ఏదో ఒక ఊరు అనుకోండి. సర్పంచ్ ఐదు లక్షలతో సీసీ రోడ్డు వేయించారు. పైసలు బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలకు పది వేలు, ఏడాదికి లక్షా 20 వేలు. రెండేళ్లు బిల్లు ఆగితే మిత్తే రెండు లక్షల 40 వేలు. సర్కారు చివరికి ఐదు లక్షలు ఇచ్చినా ఆ మిత్తి ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. సర్కారుకు మార్కెట్లో అప్పు ఏడు శాతానికి దొరుకుతుంది. సర్పంచ్‌కు ఊళ్లో 24 శాతం. బిల్లు ఆపడం అంటే తక్కువ మిత్తికి అప్పు తేగలిగినవాడు తన భారాన్ని ఎక్కువ మిత్తి కట్టేవాడి నెత్తిన పెట్టడం. ఇది కూడా అప్పే. ఉద్దెర ఖాతా రాసుకునే కిరాణా షావుకారును అడిగినా ఇదే చెప్తాడు. కాకపోతే ఈ అప్పుకు బాండ్ లేదు, మిత్తి లేదు, గడువు లేదు. రాష్ట్రం మొత్తం అప్పు అంకెలోనూ దీనికి చోటు లేదు.

ప్రపంచంలో ఈ సంగతి కొత్తదేం కాదు. కార్మెన్ రీన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 66 దేశాల ఎనిమిది వందల ఏళ్ల అప్పుల చరిత్ర తిరగేసి 2009లో పుస్తకం రాశారు. విదేశీ అప్పులు ఎగ్గొట్టిన కథలు అందరికీ తెలుసు, స్వదేశంలో సొంత జనానికి ఎగ్గొట్టినవి మాత్రం రికార్డుల్లో సరిగ్గా దొరకవన్నది వాళ్లు బయటపెట్టిన ముఖ్య విషయాల్లో ఒకటి. బయటివాడికి బాకీ పడితే అది వార్త, లోపలివాడికి పడితే అది పెండింగ్.

దాచిన అప్పు.. రెడ్డి కమిషన్ ముందే చెప్పింది

మళ్లీ వై.వి.రెడ్డి దగ్గరకు వద్దాం. గవర్నర్ పదవి తర్వాత ఆయన 14వ ఆర్థిక సంఘానికి చైర్మన్ అయ్యారు. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచాలని సిఫారసు చేసింది ఆ కమిషనే. దాని పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఆ 42. ఇంకో రెండు విషయాలు మాత్రం పెద్దగా చర్చకు రాలేదు.

ఒకటి, అప్పుకు గీత. రాష్ట్రాల లోటు జీఎస్‌డీపీలో 3 శాతం దాటకూడదని చెప్పింది. పావు శాతం అదనంగా కావాలంటే మొత్తం అప్పు జీఎస్‌డీపీలో 25 శాతం లోపు ఉండాలి. మరో పావు శాతం కావాలంటే వడ్డీ ఖర్చు రాబడిలో 10 శాతం లోపు ఉండాలి. అంటే ఎంత అప్పు ఉందన్నదే కాదు, వడ్డీ ఎంత మింగుతోందన్నది కూడా చూడాలని.

రెండోది ఇంకా ముఖ్యం. బడ్జెట్లో కనిపించే అప్పుతో పాటు కార్పొరేషన్ల పేరు మీద ఉన్నవి, గ్యారంటీలు అన్నీ కలిపి 'విస్తృత అప్పు' లెక్కను ఏటా బడ్జెట్‌తో పాటే జనం ముందు పెట్టాలని ఆ కమిషన్ కేంద్రానికి, రాష్ట్రాలకు సూచించింది. అది 2014 డిసెంబర్ మాట. తెలంగాణ పుట్టి అప్పటికి ఆరు నెలలే.

తొమ్మిదేళ్ల తర్వాత శ్వేతపత్రంలో ఏం తేలింది? 6,71,757 కోట్లలో బడ్జెట్ నిబంధనల కిందికి వచ్చే అప్పు 3,89,673 కోట్లే. సర్కారు గ్యారంటీ ఇచ్చి సర్కారే కడుతున్న కార్పొరేషన్ అప్పులు 1,27,208 కోట్లు. గ్యారంటీ సర్కారుది, కట్టేది సంస్థలైనవి 95,462 కోట్లు. గ్యారంటీ లేకుండా సంస్థలు తెచ్చినవి 59,414 కోట్లు. అంటే మొత్తంలో నాలుగు పైసలకు పైగా ప్రతి పది పైసల్లో అసలు లెక్క బయట ఉన్నవే.

బీఆర్ఎస్ ఈ లెక్కను ఒప్పుకోలేదు. సంస్థలు సొంతంగా కట్టుకునే అప్పులను సర్కారు ఖాతాలో వేసి అంకె పెంచారన్నది ఆ పార్టీ వాదన. అప్పుతో పాటు సృష్టించిన ఆస్తులనూ చూపాలని కూడా అన్నది. రెండు వాదనల్లోనూ విషయముంది. కరెంటు సంస్థ తన బిల్లుల ఆదాయంతో కట్టుకోగలిగిన అప్పు వేరు, ఆదాయమే లేని సంస్థ పేరు మీద తెచ్చిన అప్పు వేరు. ఇదే తరహా దారి ఇప్పటి సర్కారు కూడా వాడింది. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమి ఆధారంగా టీజీఐఐసీ ద్వారా దాదాపు 10 వేల కోట్లు బాండ్ల రూపంలో తెచ్చింది. ఏ జెండా ఉన్నా బడ్జెట్ గీత అడ్డొస్తే కార్పొరేషన్ తలుపు తట్టడం అలవాటైంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు ఇది దూరపు ముచ్చట కాదు. కాళేశ్వరం 22వ ప్యాకేజీ నీళ్లు రావాల్సింది ఈ ప్రాంతానికే. ఆ ప్రాజెక్టు కోసం ప్రత్యేక కార్పొరేషన్ పెట్టి భారీగా రుణాలు తెచ్చారు. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. కాల్వలో నీళ్లు వచ్చినా రాకున్నా బ్యాంకుల కిస్తీ మాత్రం ఏటా వస్తూనే ఉంటుంది.

తలసరి అప్పు కాదు.. చూడాల్సినవి ఇవి

6.71 లక్షల కోట్లను 2011 జనాభా లెక్కల మూడున్నర కోట్లతో భాగిస్తే మనిషికి లక్షా 90 వేలు దాటుతుంది. వినడానికి గుండె ఆగినంత పనవుతుంది. కానీ ఆ అంకెతో ఎవరూ మీ ఇంటికొచ్చి వసూలు చేయరు. అది భయపెట్టడానికే తప్ప అర్థం చేసుకోవడానికి పనికిరాదు.

బడ్జెట్ రోజు టీవీ పెట్టినప్పుడు చూడాల్సినవి నాలుగే. వడ్డీ ఖర్చు రాబడిలో ఎన్ని పైసలు? కొత్తగా తెచ్చే అప్పులో ఎంత పాత అప్పు తీర్చడానికి పోతోంది? కార్పొరేషన్ల అప్పులో సర్కారు సొంతంగా కడుతున్నది ఎంత? నాలుగోది, ఏ బడ్జెట్ పుస్తకంలోనూ సూటిగా దొరకనిది, ఈ రోజుకి పెండింగ్ బిల్లులు ఎన్ని, అందులో పాతది ఏ తేదీది?

ఆ నాలుగో ప్రశ్నకు జవాబు చెప్పడం సాంకేతికంగా కష్టం కాదు. ప్రతి బిల్లుకూ టోకెన్ నంబర్ ఉంది, తేదీ ఉంది, మొత్తం ఆన్‌లైన్‌లోనే ఉంది. శాఖల వారీగా, తేదీ వారీగా ఆ జాబితా జనం ముందు పెడితే రెండు జరుగుతాయి. ముందు వచ్చిన బిల్లుకు ముందు పైసలు పడ్డాయా, లేక పలుకుబడి ఉన్నవాడికి పడ్డాయా అన్నది తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, రాష్ట్రం అసలు అప్పు ఎంతో తెలుస్తుంది. గడువు దాటిన బిల్లుకు మిత్తి కట్టాలనే నిబంధన కూడా పెడితే బిల్లు ఆపడం ఏ సర్కారుకూ ఉచితం కాదు. అప్పుడు కొత్త పథకం ప్రకటించే ముందు ఆర్థిక శాఖ ఒకటికి రెండుసార్లు లెక్కేసుకుంటుంది.

బంగారం తాకట్టు పెట్టి మరీ బయటివాళ్ల బాకీ తీర్చిన దేశం మనది. ఆ పట్టుదల మంచిదే. మరి అదే పట్టుదల సొంత ఊళ్లో రోడ్డు వేసిన మనిషి విషయంలో ఎందుకు ఉండదన్నదే ప్రశ్న. తెలంగాణ అప్పు ఎగ్గొట్టిందా అని ఎవరైనా అడిగితే మార్కెట్ చెప్పే జవాబు 'లేదు'. ట్రెజరీ ముందు టోకెన్ పట్టుకుని నిలబడ్డ మనిషిని అడిగితే వేరే జవాబు వస్తుంది. రాష్ట్రం ఆరోగ్యం తెలియాలంటే రెండూ వినాలి.